బాక్స్ మీద గ్రాఫీన్, సీసాలో గామా కిరణాలు: అసలు పని చేసేది ఎవరు?

2018లో హువావే మేట్ 20 ఎక్స్ లాంచ్ చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. వేపర్ ఛాంబర్‌తో పాటు గ్రాఫీన్ ఫిల్మ్ కూలింగ్ కూడా పెట్టామని గట్టిగా చెప్పుకున్నారు. అక్కడి నుంచి ఆ మాట పవర్ బ్యాంకుల మీదకి, ఇయర్‌ఫోన్ల మీదకి, చివరికి ఫోన్ వెనక అంటించుకునే కూలింగ్ స్టిక్కర్ల మీదకి కూడా పాకింది. నా టేబుల్ మీదకి రివ్యూకి వచ్చే బాక్సుల్లో ఎక్కడో ఒకచోట ఆ పదం కనపడుతూనే ఉంటుంది. చాలాసార్లు అది నేతి బీరకాయలో నెయ్యి లాంటిదే. కానీ అన్నిసార్లూ కాదు, అదే చిక్కు.

అసలు గ్రాఫీన్‌ని టన్నుల్లో ఎలా తయారు చేస్తారు, ఎక్కడ క్వాలిటీ పోతుంది అని తవ్వుతూ పోతే నాకు ఒక విచిత్రమైన పద్ధతి తగిలింది. గ్రాఫీన్ ఆక్సైడ్ కలిపిన నీళ్ల సీసాని తీసుకెళ్లి గామా కిరణాల ముందు పెడతారు. కొన్ని గంటల తర్వాత గోధుమ రంగు నీళ్లు నల్లగా మారతాయి. అంతే. వేడి చేయలేదు, విషం పోయలేదు. ఇంకా తమాషా ఏంటంటే, ఈ రెసిపీలో ఒక ముఖ్యమైన దినుసు అప్పటికే నా డ్రాయర్‌లో ఉంది. దాని సంగతి తర్వాత చెప్తాను.

ముందు ఆ గోధుమ రంగు నీళ్ల కథ

గ్రాఫీన్ అంటే ఒకే ఒక్క అణువు మందం ఉన్న కార్బన్ రేకు. కోళ్ల ఫారానికి కట్టే జాలీ చూశారు కదా, ఆరు మూలల గళ్లతో, అచ్చం అలాగే ఉంటుంది దాని అల్లిక. మాంచెస్టర్‌లో ఆంద్రే గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలొవ్ 2004లో గ్రాఫైట్ మీద టేప్ అంటించి లాగుతూ లాగుతూ దీన్ని విడదీశారు. 2010లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. మంచి రేకు ఒక్కటి వేడిని రాగి కంటే దాదాపు పది రెట్లు బాగా మోసుకుపోగలదు. కూలింగ్ వాళ్లు ఎగబడేది అందుకే.

టేప్‌తో నోబెల్ వస్తుంది కానీ ఫోన్లు తయారు కావు. పెన్సిల్‌లో ఉండే గ్రాఫైట్ అంటే పూతరేకుల దొంతర అనుకోండి. ఒక్కో పొరనీ చిరగకుండా విడదీయాలి, విడదీశాక మళ్లీ ఒకదానికొకటి అంటుకోకుండా చూడాలి. దీనికి ఎక్కువమంది పట్టుకున్న దారి 1958 నాటి హమ్మర్స్ పద్ధతి. గ్రాఫైట్‌ని గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం, సోడియం నైట్రేట్, పొటాషియం పర్మాంగనేట్‌తో కలుపుతారు. ఆక్సిజన్ వెళ్లి కార్బన్ రేకులకి రెండు వైపులా అతుక్కుంటుంది. పొరల మధ్య దూరం సుమారు 0.34 నానోమీటర్ల నుంచి 0.8 దాకా పెరుగుతుంది, ఆ సందులోకి నీళ్లు దూరతాయి, రేకులు విడిపోతాయి. మిగిలేది టీ డికాక్షన్ రంగులో ఉండే ద్రావణం. ఇదే గ్రాఫీన్ ఆక్సైడ్.

నీళ్లలో హాయిగా కలుస్తుంది, పూత పూయొచ్చు, స్ప్రే చేయొచ్చు. ఒక్కటే సమస్య: ఇది కరెంటుని మోయదు. ఆక్సిజన్ అతుక్కున్న ప్రతిచోటా ఎలక్ట్రాన్లు పరిగెత్తే రోడ్డు తెగిపోతుంది. అంటే మనం ఏ గుణం కోసం గ్రాఫీన్ కావాలనుకున్నామో, విడదీసే పనిలో దాన్నే పాడు చేసుకున్నాం. ఇప్పుడు ఆ ఆక్సిజన్‌ని పీకేయాలి. ఇంటర్ కెమిస్ట్రీలో క్షయకరణం అని చదివాం కదా, అదే.

పాత అలవాటు ప్రకారం దీనికి హైడ్రజీన్ వాడతారు. రాకెట్ ఇంధనంగా కూడా వాడే పదార్థం, బాగా విషం. పైగా కొంత నైట్రోజన్‌ని రేకులోనే వదిలేసి పోతుంది. సరిగ్గా ఇక్కడే గామా కిరణాలు రంగంలోకి దిగుతాయి.

కిరణం గ్రాఫీన్‌ని ముట్టుకోదు

మొదటిసారి చదివినప్పుడు నేను ఊహించుకున్నది వేరు. గామా కిరణం వచ్చి ఆక్సిజన్‌ని బుల్లెట్‌లా కొట్టి పడగొడుతుంది అనుకున్నా. తప్పు. లీటరు నీళ్లలో ఉండేది అర గ్రామో, గ్రామో గ్రాఫీన్ ఆక్సైడ్. మిగతా వెయ్యి గ్రాములూ నీళ్లే. కాబట్టి కిరణం శక్తి దాదాపు మొత్తం నీళ్ల మీదే పడుతుంది. పని చేసేది ఆ పగిలిన నీళ్లు.

కోబాల్ట్-60 నుంచి వచ్చే గామా కిరణాలకి 1.17, 1.33 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటుంది. నీటి అణువు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ని పీకడానికి ఇది ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకే ఒక్క కిరణం తన దారిలో వేల అణువులని పగలగొట్టుకుంటూ పోతుంది. సెకనులో పది లక్షల వంతు గడిచేసరికి నీళ్లంతా మూడు రకాల చురుకైన ముక్కలు పరుచుకుని ఉంటాయి. ఒకటి, నీటి అణువులు చుట్టూ గుమిగూడిన ఒంటరి ఎలక్ట్రాన్. రెండు, హైడ్రాక్సిల్ రాడికల్. మూడు, కొంచెం హైడ్రోజన్ అణువులు. వీటితో పాటు కాస్త హైడ్రోజన్ వాయువు, కాస్త హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా పుడతాయి. ఈ మొత్తాన్ని రేడియోలసిస్ అంటారు.

ఆ మొదటిదాని పేరు హైడ్రేటెడ్ ఎలక్ట్రాన్. నాకు బాగా నచ్చిన పాత్ర ఇదే. ఏ అణువుకీ చెందకుండా నీళ్లలో తిరిగే ఉత్త ఎలక్ట్రాన్ అన్నమాట! ఎడ్విన్ హార్ట్, జాక్ బోగ్ 1962లో దీని గుర్తుని పట్టుకున్నారు. నీళ్లలోకి క్షణకాలం ఎలక్ట్రాన్ల జల్లు కొట్టి చూస్తే, సుమారు 720 నానోమీటర్ల దగ్గర ఎరుపు వెలుగుని ఏదో పీల్చేస్తోందని కనపడింది. దీనికున్న క్షయకరణ శక్తి మైనస్ 2.9 వోల్టుల దాకా ఉంటుంది. అంటే ఎవరికైనా ఎలక్ట్రాన్ అంటగట్టడంలో దీన్ని మించింది నీళ్లలో దొరకడం కష్టం. గ్రాఫీన్ ఆక్సైడ్ మీద ఆక్సిజన్‌ని వదిలించడానికి సరిగ్గా ఇలాంటిదే కావాలి.

ఇబ్బంది ఏంటంటే, రెండోవాడు హైడ్రాక్సిల్ రాడికల్. వాడు పూర్తిగా ఎదురు పార్టీ. దొరికినదాని దగ్గర ఎలక్ట్రాన్ లాక్కుంటాడు, లేదంటే తానే వెళ్లి కార్బన్‌కి అతుక్కుంటాడు. ఇద్దరూ దాదాపు సమానంగా పుడతారు: నీళ్లు పీల్చిన ప్రతి 100 ఎలక్ట్రాన్ వోల్టులకి సుమారు 2.7 హైడ్రేటెడ్ ఎలక్ట్రాన్లు, సుమారు 2.7 హైడ్రాక్సిల్‌లు. ఒకరు ఆక్సిజన్ పీకుతుంటే ఇంకొకరు పెడుతుంటారు. ఉత్త నీళ్లలో సీసా పెట్టి రేడియేషన్ ఇస్తే చాలావరకు గీసింది చెరిపేసినట్టే అవుతుంది.

నా డ్రాయర్‌లో ఉన్న సీసా

ఇప్పుడు ఆ దినుసు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్. మనం ఐపీఏ అంటాం, స్క్రీన్ గార్డ్ వేసేముందు డిస్‌ప్లే తుడవడానికి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్ట్ తీయడానికి వాడేది. దాన్ని ఆ నీళ్లలో కాస్త కలిపితే కథ మొత్తం మారిపోతుంది.

హైడ్రాక్సిల్ రాడికల్‌కి గ్రాఫీన్ రేకు కంటే ముందు ఆల్కహాల్ ఎదురవుతుంది, ఎందుకంటే నీళ్లలో అదే ఎక్కువ. దాని నుంచి ఒక హైడ్రోజన్‌ని లాక్కుని, మామూలు నీటి అణువుగా మారి శాంతిస్తుంది. హైడ్రోజన్ అణువులదీ అదే దారి. ఇంతవరకే అయితే శత్రువుని అడ్డుకున్నట్టు మాత్రమే. అసలు లాభం తర్వాతది. హైడ్రోజన్ పోగొట్టుకున్న ఆల్కహాల్ ముక్క కూడా ఒక రాడికల్ అవుతుంది, అది ఎలక్ట్రాన్‌ని ఇచ్చేసే రకం. గ్రాఫీన్ ఆక్సైడ్‌కి ఒక ఎలక్ట్రాన్ ఇచ్చేసి, తాను అసిటోన్‌గా మారిపోతుంది. అసిటోన్ అంటే నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన. ఎదురు పార్టీవాడిని పట్టుకొచ్చి మన పార్టీ కండువా కప్పినట్టు.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. నీళ్లలో కరిగిన గాలిలోని ఆక్సిజన్ హైడ్రేటెడ్ ఎలక్ట్రాన్‌లని మధ్యలోనే మింగేస్తుంది. అందుకే ముందుగా నైట్రోజన్ గానీ ఆర్గాన్ గానీ బుడగలుగా పంపి ఆ ఆక్సిజన్‌ని తరిమేసి, సీసా మూత బిగించి, అప్పుడు రేడియేషన్ దగ్గరికి పంపుతారు.

సరే, ఎంత రేడియేషన్ కావాలి? నేను కాగితం మీద లెక్క వేశాను, మీరూ చూడండి. లీటరుకి అర గ్రాము గ్రాఫీన్ ఆక్సైడ్ తీసుకుందాం. బరువులో 40 శాతం ఆక్సిజన్ అనుకుంటే 0.2 గ్రాములు, అంటే 12.5 మిల్లీమోల్‌లు. ఒక్కో ఆక్సిజన్‌ని నీరుగా మార్చి పంపడానికి రెండు ఎలక్ట్రాన్లు కావాలి, అంటే 25 మిల్లీమోల్‌లు. రేడియేషన్ డోసుకి కొలత గ్రే: కిలోకి ఒక జూల్. ఆల్కహాల్ ఉంటే మూడు రకాల ముక్కలూ మన వైపే కాబట్టి, ఒక కిలోగ్రే డోసుకి కిలో నీళ్లలో సుమారు 0.6 మిల్లీమోల్ ఎలక్ట్రాన్లు దక్కుతాయి. భాగిస్తే వచ్చేది 40 కిలోగ్రేల చిల్లర. ఒక్కటీ వృథా కాకపోతే సుమా. కొన్ని రాడికల్స్ ఒకదానితో ఒకటి కలిసి ఆరిపోతాయి. ఇంకోవైపు కొన్ని ఆక్సిజన్‌లు ఎంత పీకినా రావు, అసలు పీకాల్సిన అవసరమూ ఉండదు. మొత్తమ్మీద పదుల కిలోగ్రేల పని.

అది ఎక్కువా తక్కువా? అమెరికాకి ఎగుమతయ్యే మన మామిడిపండ్లకి పురుగుల కోసం ఇచ్చే కనీస డోసు 400 గ్రేలు. ఇంజెక్షన్ సిరంజీల స్టెరిలైజేషన్‌కి మామూలుగా 25 కిలోగ్రేలు. అంటే మన సీసాకి మామిడిపండు కంటే వంద రెట్లు పైగా, సిరంజీ కంటే రెట్టింపు లోపు. ముంబై ట్రాంబేలోని ఐసోమెడ్ ప్లాంట్ 1974 నుంచి సిరంజీల లాంటి వైద్య సామగ్రికి ఈ పని చేస్తూనే ఉంది, కాబట్టి కొత్తగా కనిపెట్టాల్సిన యంత్రమేమీ లేదు. ఇంకో సరదా లెక్క: ఆ 40 కిలోగ్రేల శక్తి మొత్తం వేడిగా మారినా నీళ్లు వేడెక్కేది పది డిగ్రీలే. గీజర్‌లో ఇంతకన్నా ఎక్కువే వేడెక్కుతాయి. అయినా కెమిస్ట్రీ మొత్తం మారిపోతుంది, ఎందుకంటే ఆ శక్తి పడాల్సిన చోట ముద్దగా పడుతోంది.

అదే కిరణం, ఉల్టా పని

నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచింది ఇదీ. అదే మెషీన్, అదే డోసు. నీళ్లలో కలిపేది మాత్రం మార్చండి. ఆల్కహాల్ తీసేసి నైట్రస్ ఆక్సైడ్ వాయువుని కరిగిస్తే, అది హైడ్రేటెడ్ ఎలక్ట్రాన్‌లన్నిటినీ హైడ్రాక్సిల్ రాడికల్స్‌గా మార్చేస్తుంది. ఇప్పుడు సీసా అంతా ఎదురు పార్టీ రాజ్యం. ఆక్సిజన్ పీకాల్సిన చోట ఆక్సిజన్ తగిలిస్తుంది.

అలా ఎవరికి కావాలంటే, కార్బన్ నానోట్యూబుల వాళ్లకి. జేబులో వేసిన వైర్డ్ ఇయర్‌ఫోన్స్ తీస్తే ఎలా ఉంటాయో తెలుసు కదా, నానోట్యూబులు నీళ్లలో అంతకన్నా ఘోరంగా చుట్టుకుపోతాయి. నీళ్లతో కలవాలంటే వాటి ఒంటి మీద అక్కడక్కడ ఆక్సిజన్ గుంపులు ఉండాలి. మామూలుగా దీనికోసం గాఢ నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల్లో ఉడికిస్తారు, దాంతో ట్యూబులు తెగి పొట్టివైపోతాయి. రేడియోలసిస్‌లో డోసు ఎంత ఇస్తే అంతే మార్పు, మామూలు గది వేడిలోనే. వంటలో ఉప్పు చిటికెడు చిటికెడుగా వేసుకున్నట్టు. ఆమ్లం పద్ధతిలో ఆ కంట్రోల్ రాదు.

మూడో ఆట కూడా ఉంది. అదే ఆల్కహాల్ సీసాలో వెండి లవణం కొంచెం వేశారనుకోండి. ఎలక్ట్రాన్లు వెండి అయాన్లని కూడా లోహంగా మారుస్తాయి, అవి చిన్న చిన్న రేణువులుగా గ్రాఫీన్ రేకు మీదే కూర్చుంటాయి. ప్రింటెడ్ సర్క్యూట్ల ఇంకులకి, సెన్సర్లకి ఇలాంటివే కావాలి. వెండి బదులు ప్లాటినం అయితే ఫ్యూయల్ సెల్‌కి.

"అన్నా, మరి ఫోన్‌లోకి రేడియేషన్ వస్తుందా?"

ఈ సంగతి ఉత్సాహంగా చెప్తుంటే మా తమ్ముడు అడిగిన మొదటి ప్రశ్న ఇది. రాదు. ఈ శక్తి స్థాయిలో ఉన్న గామా కిరణాలు ఎలక్ట్రాన్లని కదిలిస్తాయి తప్ప కేంద్రకాన్ని మార్చలేవు. ఎక్స్‌రే తీయించుకుని బయటికొచ్చిన మనిషి వెలగడు కదా, ఇదీ అంతే. సీసా బయటికి వచ్చాక అందులో మిగిలేది కార్బన్, నీళ్లు, ఆల్కహాల్, కాస్త అసిటోన్.

ప్రమాదం ఉన్నది పదార్థంలో కాదు, ఆ కోబాల్ట్‌ని జీవితాంతం కాపలా కాయడంలో. 2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు మార్కెట్‌లో జరిగింది చదివితే ఒళ్లు జలదరిస్తుంది. ఒక యూనివర్సిటీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఏళ్ల తరబడి వాడకుండా పడున్న గామా యంత్రం వేలంలో తుక్కుగా వెళ్లిపోయింది. ఇలాంటి ప్రయోగాలకే వాడే రకం యంత్రం. విప్పినవాళ్లకి లోపల ఏముందో తెలియదు. ఒకరు చనిపోయారు, ఇంకా కొందరు తీవ్రంగా జబ్బుపడ్డారు. కోబాల్ట్-60 సగం తగ్గడానికే 5.27 ఏళ్లు పడుతుంది. స్విచ్ ఆఫ్ చేయడం ఉండదు.

అందుకే నా ఓటు ఎలక్ట్రాన్ బీమ్ యంత్రాలకి. నీళ్లలో జరిగేది అదే రేడియోలసిస్, కానీ కరెంటు తీసేస్తే రేడియేషన్ ఆగిపోతుంది. గామాతో గంటలు పట్టే డోసు దీనితో సెకన్లలో పడుతుంది. కాకపోతే ఎలక్ట్రాన్లు నీళ్లలోకి కొన్ని సెంటీమీటర్లకి మించి దిగవు, కాబట్టి లోతైన డ్రమ్ముల్లో కాకుండా ద్రావణాన్ని పలుచగా పారించాలి.

మరి ఇది మంచి గ్రాఫీనేనా?

ఇక్కడ కొంచెం నీళ్లు చల్లాలి. ఆక్సిజన్ పోయినంత మాత్రాన గ్రాఫీన్ అయిపోదు. హమ్మర్స్ పద్ధతిలో ఆమ్లాలు రేకుకి చిల్లులు పెట్టేసి ఉంటాయి. గది వేడిలో చేసే రేడియోలసిస్ ఆక్సిజన్‌ని తీస్తుంది, చిల్లులు పూడ్చదు. రామన్ స్పెక్ట్రం తీస్తే ఇది దొరికిపోతుంది: 1580 దగ్గర వచ్చే జి శిఖరం బాగున్న అల్లికది, 1350 దగ్గర వచ్చే డి శిఖరం లోపాలది. క్షయకరణం తర్వాత కూడా డి దర్జాగా నిలబడే ఉంటుంది, కొన్నిసార్లు జి కంటే ఎత్తుగా. దీన్ని రెడ్యూస్డ్ గ్రాఫీన్ ఆక్సైడ్ అనాలి. గ్రాఫీన్ అని పిలవడం మార్కెటింగ్ వాళ్ల చనువు.

ఇంకోటి, ఆక్సిజన్ పోయేకొద్దీ రేకులకి నీళ్లంటే ఇష్టం పోతుంది. మళ్లీ ఒకదానికొకటి అంటుకుని నల్లటి తునకలుగా అడుక్కి దిగుతాయి. పూతరేకుల మీద తడి పడితే ముద్దయిపోతాయి చూడండి, అలా. ఏదైనా పాలిమర్ కలిపి విడివిడిగా ఉంచాలి, తర్వాత ఆ పాలిమర్ వదిలించుకోవడం ఇంకో పని.

అందుకే ఏ పనికి అన్నది చూడాలి. ఫోన్‌లో వేడిని పరిచే ఫిల్మ్‌కి చిల్లులు లేని అల్లిక కావాలి. గ్రాఫీన్ ఆక్సైడ్‌ని పొరగా పోసి, రెండు మూడు వేల డిగ్రీల కొలిమిలో కాల్చాల్సిందే, ఆ వేడికి తప్ప లోపాలు సర్దుకోవు. ఈ విషయంలో గామా సీసా కొలిమికి పోటీ కాదు. కానీ సూపర్ కెపాసిటర్, సెన్సర్, కండక్టివ్ ఇంకు లాంటి వాటికి కొన్ని లోపాలు ఉన్నా నష్టం లేదు, అయాన్లూ లోహ రేణువులూ కూర్చునేది ఆ అంచుల దగ్గరే. పైగా ప్లాస్టిక్ మీద ప్రింట్ చేయాల్సినదాన్ని కొలిమిలో పెట్టలేరు. రేడియోలసిస్ నెగ్గేది అక్కడ. ఇప్పటికైతే ఇది ఎక్కువగా ల్యాబుల్లో నడుస్తున్న పనే.

ఇదంతా చదివాక నేను బాక్స్ మీద మాటని వేరేగా చూస్తున్నా. ఐఎస్ఓ వాళ్ల నిర్వచనంలో కొన్ని పొరల గ్రాఫీన్ అనాలన్నా పది పొరలకి మించకూడదు. ఈమధ్య రివ్యూకి వచ్చిన ఒక పవర్ బ్యాంక్ కంపెనీకి మెయిల్ పెట్టాను, పేరు ఎందుకులెండి. మూడే ప్రశ్నలు: ఎన్ని పొరలు, ఆక్సిజన్ ఎంత మిగిలింది, బ్యాటరీలో ఎక్కడ కలిపారు? ఎలక్ట్రోడ్‌లోనా, వేడి కోసం పైన అంటించిన షీట్‌లోనా? రెండు రోజుల్లో జవాబు వచ్చింది. "మా ప్రోడక్ట్‌లో ప్రీమియం గ్రాఫీన్ టెక్నాలజీ ఉంది." కింద ఆరు మూలల గళ్ల బొమ్మ ఒకటి. ఆ మూడు ప్రశ్నలే మళ్లీ పంపాను.